మాకు ముఖ్యం

1981 నవంబర్ 8, ఆదివారం, ట్రాయ్

ఈ రోజు నన్ను మొదటిసారి నా పేరుతో పరిచయం చేశారు.

భీమశంకర్ గారింట్లో మండలి కమిటీ మీటింగ్. ఓక్‌లాండ్ తెలుగు మండలి అంటే ట్రాయ్‌లోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉన్న తెలుగువాళ్ళం. మండలి పుట్టినప్పటి నుంచి ఆయనే ప్రెసిడెంట్. ఎన్నికలు పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వచ్చినా, మీటింగులకి ఆయన బేస్‌మెంట్ అంత బేస్‌మెంట్ ఇంకెవరికీ లేదు. ఇన్నాళ్ళూ నేను అక్కడ ఉదయ్ గారి మిసెస్‌ని, రేణు వాళ్ళ మమ్మీని. పొలిటికల్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నానంటే, అందులో సైన్స్ ఎక్కడుందమ్మా అని ఇంజనీర్లు నవ్వేవాళ్ళు. యూరోపియన్ కమ్యూనిటీ మీద థీసిస్ అంటే, అయితే యూరప్ చూసొచ్చారా అని వాళ్ళ భార్యలు అడిగేవాళ్ళు. చూడలేదు.

ఇవాళ భీమశంకర్ గారు నన్ను వెనక వరుస నుంచి ముందుకి పిలిచారు. దేశాలు దేశాలు కలిసి యూనియన్ ఎలా పెట్టుకుంటాయో చదువుతున్న మనిషి మన శశికళ గారు, ఊరికొకటిగా ఉన్న మన అసోసియేషన్లన్నిటినీ కలిపి ఫెడరేషన్ పెట్టబోతున్నాం, దానికి కాన్‌స్టిట్యూషన్ రాయడానికి ఆవిడకంటే తగినవాళ్ళెవరు, అన్నారు. చప్పట్లు కొట్టారు. ఉదయ్ కూడా కొట్టాడు, కొంచెం ఆలస్యంగా.

తిరిగొచ్చేటప్పుడు కారులో దారంతా నేనే మాట్లాడాను.

1981 డిసెంబర్ 20

థీసిస్ పక్కన పడేసి ఇదే రాస్తున్నాను. ఇంత ఇష్టంగా ఈ మధ్య ఏదీ రాయలేదు.

చేరబోయే ఊళ్ళు పదకొండు. న్యూజెర్సీ వాళ్ళు వందల కుటుంబాలు. ఒహాయోలో ఒక ఊరివాళ్ళు అందరూ కలిపి రెండు వ్యాన్లలో పడతారు. పెద్దవాళ్ళు మింగేస్తారని చిన్నవాళ్ళ భయం. చిన్నవాళ్ళు జట్టుకట్టి మీద పడతారని పెద్దవాళ్ళ భయం. ఇదంతా నేను పుస్తకాల్లో చదివిందే. 1965లో ఫ్రాన్స్ అలిగి నెలల తరబడి యూరోపియన్ కమ్యూనిటీ మీటింగులకి రావడం మానేసింది. చివరికి బతిమాలుకుని ఒక మాట అనుకున్నారు: ఏ దేశానికైనా మరీ ముఖ్యమైన విషయం వస్తే ఓటు పెట్టకుండా, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకోవాలి. నిజానికి అది రూల్ కాదు, మర్యాద. నేను దాన్ని రూల్ చేశాను. ఏడో క్లాజు. ఏ అసోసియేషన్ అయినా లేచి ఇది మాకు ముఖ్యం అంటే చాలు, ఓటు ఆగిపోతుంది. కారణం చెప్పక్కర్లేదు. మినిట్స్‌లో పేరు కూడా రాయకూడదు. నలుగురిలో పరువు పోతుందన్న భయం ఉంటే మనవాళ్ళు అసలు చేరరు.

ఇంకో రెండు రూల్స్ పూర్తిగా నా సొంతం. ప్రతి అసోసియేషనూ రెండేళ్ళకోసారి బ్యాలట్ పెట్టి ఎన్నిక జరపాలి. ఫెడరేషన్‌కి పంపే ఇద్దరు డెలిగేట్లలో ఒకరు ఆడమనిషి కావాలి.

1982 జనవరి 30, శనివారం, కొలంబస్

మంచులో ఐదు గంటలు డ్రైవ్ చేసి వచ్చాం. హైవే పక్కన మోటెల్ కాన్ఫరెన్స్ రూమ్. ఫెడరేషన్ పుట్టింది.

ఏడో క్లాజు దగ్గరే పేచీ. న్యూజెర్సీలోని పార్సిప్పనీ నుంచి వచ్చిన శ్యామ్‌సుందర్ గారిని సెక్రటరీగా ఎన్నుకున్నారు. వరంగల్ మనిషి, ఏదీ మనసులో దాచుకోరు. ఒక్కరు కాదంటె అంత ఆగిపోవుడేందమ్మా, ఇగ యూనియన్ ఎందుకు, ఎవరింట్ల ఆళ్ళుంటె అయిపాయె గద, అన్నారు. నేను లేచి పావుగంట మాట్లాడాను. ఈ హక్కు ఉందన్న ధైర్యంతోనే అందరూ లోపలికి వస్తారు, వచ్చాక ఎవరూ దాన్ని వాడరు, అన్నాను. సరే తియ్యమ్మా, సదువుకున్నోళ్ళు మీరు చెప్తున్రు, అని కూర్చున్నారు. ఓటుకి పెడితే నెగ్గింది.

1982 ఫిబ్రవరి 21

మండలి మీటింగ్. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లకి ఇకనుంచి టికెట్ పెడుతున్నాం అన్నారు భీమశంకర్ గారు. అందరూ గోల చేశారు. నేనేం చెయ్యను, ఫెడరేషన్ రూల్ అన్నారు. గోల ఆగిపోయింది.

అలాంటి రూల్ లేదు. రాసింది నేను కాబట్టి నాకు తెలుసు. ఆయన నావైపు చూసి కన్ను గీటారు. నేను నవ్వాను. నా థీసిస్ అడ్వైజర్‌కి చెబితే ఎగిరి గంతేసేవాడు. ప్రతి ప్రభుత్వమూ ఇంట్లో చెప్పలేని మాటని కమ్యూనిటీ ఆఫీసులున్న బ్రస్సెల్స్ నోట చెప్పిస్తుందని రెండో చాప్టర్‌లో రాశాను.

1982 మార్చి 14, ఆదివారం

మండలికి మొదటి ఎన్నిక. ఇది మాత్రం నిజంగానే ఫెడరేషన్ రూల్. భీమశంకర్ గారికి పోటీగా ఎవరూ నిలబడలేదు గానీ, కేక్ డబ్బాకి కోత పెట్టి బ్యాలట్ పెట్టె చేశాం. పైనుంచి ఒక రూల్ రాకపోతే ఆ డబ్బా కూడా ఉండేది కాదు.

మహిళా డెలిగేట్‌గా ఎవరు అన్నారు. మగవాళ్ళు భార్యల వంక చూశారు, భార్యలు కార్పెట్ వంక చూశారు. రాధారాణి చెయ్యెత్తింది. శశికళ గారుండగా ఇంకొకరెందుకండీ, అంది. అలా డెలిగేట్ అయ్యాను.

రాధారాణి నరసింహ గారి భార్య. నరసింహ గారూ భీమశంకర్ గారూ ఒకే కారులో ఆఫీసుకి వెళతారు. ఆదివారాలు చర్చి బేస్‌మెంట్‌లో మా పిల్లలకి తెలుగు క్లాసు చెప్పేది ఆమే. నల్ల కాగితం మీద బియ్యప్పిండితో అక్షరాలు వేయిస్తుంది. ఇంట్లో నేను పలక ముందుపెడితే రేణు బోరింగ్ మమ్మీ అంటుంది. రాధ ఆంటీ దగ్గరైతే మోచేతుల దాకా పిండి పూసుకుని వస్తుంది.

నా పేరు చెప్పడానికి ఎత్తిన చేతి మీద స్వెటర్ జారింది. మణికట్టు పైన నీలంగా కమిలి ఉంది. తర్వాత పక్కకి పిలిచి అడిగాను. కార్ డోర్ పడిందండీ అంది. అయ్యో అన్నాను. అంతే అన్నాను.

1982 మే 19

నిన్న బ్రస్సెల్స్‌లో ఘోరం జరిగింది. అంటే, నాకు ఘోరం. వ్యవసాయ ధరల మీద బ్రిటన్ లేచి ఇది మాకు ముఖ్యం, ఓటు వద్దు అంది. మిగతావాళ్ళు వినలేదు. ఓటు వేసేశారు. పదహారేళ్ళుగా అందరూ కాపాడుకొస్తున్న మర్యాద ఒక్క రోజులో పోయింది. దాంతో పాటు, దాని మీదే రాసిన నా నాలుగో చాప్టర్ కూడా.

అడ్వైజర్ ఫోన్ చేశాడు, పండగలా ఉంది ఆయనకి. బ్రిటన్‌కి నిజంగా ఆ ధరలు ముఖ్యం కాదు, వేరే బేరం కోసం వాటిని అడ్డం పెట్టింది, అది అందరికీ కనిపించింది, కనిపించింది కాబట్టే వినలేదు, అన్నాడు. దొంగ ముఖ్యాన్ని యూనియన్ పసిగడుతుంది, అదే నీ కొత్త చాప్టర్, అన్నాడు. రాసుకున్నాను.

1982 జూన్ 13, ఆదివారం

క్లాసు లేదు. చర్చి దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం.

రాధారాణి ఇల్లు వదిలి వెళ్ళిపోయిందట. దగ్గర్లోని మ్యాడిసన్ హైట్స్‌లో చిన్న అపార్ట్‌మెంట్ తీసుకుందట. ఊళ్ళోవాళ్ళంతా నరసింహ గారికి కూరల డబ్బాలు మోస్తున్నారు. ఎందుకు వెళ్ళిందని ఒక్కరూ అడగలేదు. అడిగితే తెలుస్తుందని.

నేను సాంబారు పంపాను. ఉదయ్ చేత.

1982 జూలై 11

కమిటీ కూర్చుంది. మా మండలిలో మెంబర్‌షిప్ కుటుంబానికి. కార్డు మీద మగవాడి పేరు, దాని పక్కన అండ్ ఫ్యామిలీ. నా కార్డూ అదే. ఇన్నేళ్ళుగా పర్సులో పెట్టుకు తిరుగుతున్నాను, ఒక్కసారీ చదవలేదు.

ఫ్యామిలీని వదిలేసింది కాబట్టి ఆవిడ మెంబర్ కాదు, మెంబర్ కానివాళ్ళు మండలి క్లాసు చెప్పడానికి లేదు, ఫంక్షన్లకి పిలవడానికీ లేదు, అన్నారు భీమశంకర్ గారు. మనం ఆవిడని తీసెయ్యడం లేదమ్మా, ఆవిడే లేకుండా పోయింది, అన్నారు. ఎంత శుభ్రంగా ఉంది మాట. ఈ దేశంలో రాధారాణికి చుట్టాలు లేరు. కారు లేదు, అది నరసింహ గారి పేరు మీద ఉంది. ఆమెకి ఉన్నదల్లా ఆదివారం పూట ఆ పిల్లలు, పండక్కి మేం.

యూరప్‌లోనూ ఇంతే. మనిషి నేరుగా కమ్యూనిటీకి చెందడు. ముందు ఏదో ఒక దేశం ఇతను మావాడు అనాలి.

చేతులెత్తమన్నారు. నేను నోట్స్ రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాను. తల వంచుకున్నవాళ్ళని కూడా ఔనన్నట్టే లెక్కేశారు.

1982 ఆగస్ట్ 22, ఆదివారం

పొద్దున శ్యామ్‌సుందర్ గారి ఫోన్. రాధారాణి ఫెడరేషన్‌కి అప్పీల్ పెట్టుకుందట. ఆయన కొత్త రూల్ తయారుచేశారు. మేజర్ అయిన ఏ తెలుగు మనిషైనా తన సొంత పేరు మీద తన ఊరి అసోసియేషన్‌లో చేరవచ్చు, కాదనడానికి ఎవరికీ వీల్లేదు. అందరితోని మాట్లాడిన, దాదాపు అందరు సై అన్నరు, మీరు గూడ చెయ్యి లేపున్రి, ఆ బిడ్డకు జర ఆసర దొరుకుతది, అన్నారు. తప్పకుండానండీ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

సాయంత్రం భీమశంకర్ గారు ఒక్కరే వచ్చారు. ఈ రూల్ వస్తే యూనివర్సిటీ కుర్రాళ్ళంతా తలా ఒక కార్డు తీసుకుంటారు, మన కుటుంబాలు మూల కూర్చోవాలి, మండలి బతుకే ప్రశ్న, అన్నారు. ఇది రాధారాణి విషయం కదండీ అన్నాను. అలా ఎందుకు చూస్తారమ్మా అన్నారు. ఏడో క్లాజు ఉందిగా, మీరు రాసిందేగా, అది వాడదాం అన్నారు. ఆడవాళ్ళ విషయం కాబట్టి ఆడమనిషి నోట వస్తే బావుంటుందట. వచ్చే ఏడాది ఫెడరేషన్ వైస్ ప్రెసిడెంట్‌కి మండలి నుంచి నా పేరే పంపుదామనుకుంటున్నారట. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ, ఆవిడా మీరూ బాగా క్లోజ్ అని మా ఇంట్లో అంటుంటే నేనే కాదని చెప్పానమ్మా, అన్నారు.

ఉదయ్ ఆఫీసులో లేఆఫ్‌ల భయం ఉంది, భీమశంకర్ గారికి పలుకుబడి ఉంది, అందుకే నోరెత్తలేకపోయాను అని రాసుకోవచ్చు. అబద్ధం. వైస్ ప్రెసిడెంట్ అన్న మాటకి లోపల ఎక్కడో లడ్డూ తిన్నట్టయింది. చివరి మాటకి భయం వేసింది. నా పేరు పక్కన ఆమె పేరు వినబడకూడదు అనిపించింది. ఈ రెండే.

1982 సెప్టెంబర్ 1

మార్గం దొరికింది.

నేను లేచి మాకు ముఖ్యం అంటాను. వాళ్ళు వినరు. బ్రిటన్ మాట వినలేదుగా! దాదాపు అందరూ ఔనంటున్నారు, ఇదేం ముఖ్యమండీ అని తోసేసి ఓటు పెడతారు. నేను అడ్డుచెప్పానని భీమశంకర్ గారు సంతోషిస్తారు, రాధారాణికి రూల్ వస్తుంది, ఎవరికీ నా మీద కోపం ఉండదు. నా థీసిసే నన్ను గట్టెక్కిస్తుంది.

అద్దంలో చూసుకుని నవ్వుకున్నాను కూడా.

1982 సెప్టెంబర్ 4, శనివారం, కొలంబస్

అదే మోటెల్. శ్యామ్‌సుందర్ గారు రూల్ చదివారు. ఓటుకి పెడదాం అనబోతుండగా లేచాను. ఇది మాకు ముఖ్యం, ఓక్‌లాండ్ ఓటుకి ఒప్పుకోదు, అన్నాను. గొంతు వణుకుతుందనుకున్నాను. ఖంగుమని పలికింది. పక్కన భీమశంకర్ గారు తలాడించారు.

శ్యామ్‌సుందర్ గారు కాగితం కింద పెట్టారు. మీరేనా అమ్మా, అన్నారు.

నేను మిగతావాళ్ళ వంక చూశాను. ఎవరో ఒకరు లేస్తారని. ఎవరూ లేవలేదు. ఇండియానా ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. పెన్సిల్వేనియా ఆయన, ఓక్‌లాండ్ వాళ్ళు ముఖ్యమంటే మనం గౌరవించాలండీ, రేపు మనకీ అవసరం పడొచ్చు, అన్నారు. అందరి ముఖాలూ తేటపడ్డాయి. ఫోన్‌లో శ్యామ్‌సుందర్ గారికి సై అన్నవాళ్ళే. కాదని చెప్పడానికి సిగ్గేసి సై అన్నారు. ప్రతి ఊళ్ళోనూ ఒక రాధారాణి ఉంది, ప్రతి కార్డు మీదా అండ్ ఫ్యామిలీ ఉంది. నేను లేచి వాళ్ళ నెత్తిమీది బరువు దించాను.

దొంగ ముఖ్యం అని బ్రస్సెల్స్‌లో కనిపించింది కాబట్టి వినలేదు. ఇక్కడా కనిపించింది. కనిపించింది కాబట్టే విన్నారు. అడ్వైజర్‌కి ఇది తెలియదు. ఆయన ఎప్పుడూ తెలుగువాళ్ళ మీటింగ్‌కి రాలేదు.

లంచ్‌కి లేచారు. అల్యూమినియం ట్రేలలో పులిహోర, పెరుగన్నం. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి చెయ్యి పట్టుకుని, ఎంత ధైర్యంగా మాట్లాడారండీ అన్నారు. థాంక్స్ అన్నాను. తిన్నాను. పులిహోర మళ్ళీ వేసుకున్నాను.

1982 సెప్టెంబర్ 5

సిగ్గు.

1982 అక్టోబర్ 16, శనివారం

రాధారాణి వచ్చింది. రెండు బస్సులు మారి, రోడ్డు పక్కన గడ్డిలో నడుచుకుంటూ వచ్చింది. ట్రాయ్‌లో మనుషులు నడవడానికి దారి కూడా వెయ్యలేదని ఆమె బూట్లు చూసినప్పుడు తెలిసింది.

ఫెడరేషన్ నుంచి వచ్చిన జవాబు చూపించింది. ఒక సభ్య అసోసియేషన్ అభ్యంతరం వల్ల విషయం వాయిదా పడింది అని రెండు లైన్లు. ఏ అసోసియేషనో లేదు. పేరు రాయకూడదన్నది నా రూలే.

మళ్ళీ అప్పీల్ పెడతానండీ, మీరు రాసిపెడితే బావుంటుంది, ఆ రూల్స్ మీకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తాయి, అంది. నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. టీ పెడతానని లేచాను. టీ అయ్యాక మళ్ళీ అలాగే చూసింది. అడ్డు చెప్పిందెవరో మీకేమైనా తెలుసాండీ అని అడిగింది. ఆ రోజు అంతా గోల గోలగా ఉందండీ, సరిగ్గా వినబడలేదు, అన్నాను. అవునా అంది.

రేణు పరిగెత్తుకొచ్చి ఆమె ఒళ్ళో ఎక్కింది. నేను టైప్‌రైటర్ ముందు కూర్చున్నాను. అప్పీల్ బ్రహ్మాండంగా వచ్చింది. నా థీసిస్ మొత్తంలో అంత మంచి పేజీ లేదు. చదువుకుని, చాలా బాగా రాశారండీ అంది. కారులో దింపుతానన్నాను. వద్దండీ బస్సుంది అంది.

ఆమె వెళ్ళాక టీ కప్పు తోమాను. తోమిందే తోమాను.

1983 జనవరి 23

సంక్రాంతి ఫంక్షన్‌లో ఎవరో పెద్దావిడ, పాపం ఆ రాధారాణి సంగతి ఏమైందని భీమశంకర్ గారిని అడిగింది. ఫెడరేషన్ ఒప్పుకోలేదండీ, పైవాళ్ళు కాదంటే మన చేతుల్లో ఏముంది, అన్నారు. కొలంబస్‌లో శ్యామ్‌సుందర్ గారితో మాత్రం, మా ఊరి జనం ఒప్పుకోరండీ, నా చేతుల్లో ఏముంది, అన్నారు.

రెండు చోట్లా పక్కన నేనే ఉన్నాను.

1983 మే 28, శనివారం, కొలంబస్

ఈసారి దారంతా నిర్ణయించుకుంటూ వచ్చాను. భీమశంకర్ గారికి చెప్పలేదు. అప్పీల్ వంతు వచ్చింది. లేచి, ఓక్‌లాండ్ తన అభ్యంతరం వెనక్కి తీసుకుంటోంది, అన్నాను. శ్యామ్‌సుందర్ గారు నవ్వబోయారు. మంచిగ చేసినవమ్మా, అన్నారు. ఆ ఒక్క నిమిషం నాకు నేను నచ్చాను.

వెంటనే ఇండియానా ఆయన లేచారు. క్షమించాలి, ఇది మాకు ముఖ్యం, అన్నారు.

అయిపోయింది. శ్యామ్‌సుందర్ గారు పేజీ తిప్పి తర్వాతి ఐటెమ్ చదివారు. నాకు ఏడుపు రావాలి. రాలేదు. హమ్మయ్య అనిపించింది. నేను వెనక్కి తీసుకున్నాను, రూల్ మాత్రం రాలేదు, ఇక నన్నెవరూ ఏమీ అనరు. హమ్మయ్య!

పార్కింగ్ లాట్‌లో భీమశంకర్ గారు కార్ తాళం తీస్తూ, భలే పని చేశారమ్మా, అన్నారు. కోపంగా ఏమో అనుకున్నాను. కాదు. మీరు మెత్తబడతారని నాకు తెలుసు, అందుకే ఇండియానాకి ముందే ఫోన్ చేసి ఉంచాను, ఇప్పుడు మనకి మంచి పేరూ వచ్చింది, పనీ అయింది, అన్నారు. మనసులో కుట్ర ఉన్న మనిషి గొంతు కాదు అది. పిల్లలకి చెప్పినట్టు చెప్పారు.

ఏమండీ ఇది అన్యాయం అని ఒక్క మాట. పెదవి దాకా వచ్చింది. ఇంకా నాలుగు గంటల ప్రయాణం ఉంది కదా అని ఆపుకున్నాను.

1983 జూన్ 19

మండలి తన బైలాస్ తిరగరాసుకుంది. ఫెడరేషన్‌లో బాగా పనిచేస్తోంది కాబట్టి ఏడో క్లాజు మనమూ పెట్టుకుందాం అన్నారు. ఏకగ్రీవం. ఇకమీదట కమిటీలో ఎవరైనా సరే లేచి మాకు ముఖ్యం అనొచ్చు. ఇండియానా వాళ్ళూ ఒహాయో వాళ్ళూ కూడా పెట్టుకున్నారట. నేను రాసిన మిగతా రూల్స్‌లో ఒక్కటీ ఇంత దూరం ప్రయాణించలేదు. నన్ను ఫెడరేషన్ వైస్ ప్రెసిడెంట్‌ని చేశారు. పూలగుత్తి ఇచ్చారు.

రాధారాణి తన అపార్ట్‌మెంట్‌లోనే క్లాసు మొదలుపెట్టిందట. మండలిలో లేని ఒకరిద్దరి పిల్లలు వస్తున్నారట. రేణు విని, మమ్మీ, వి కెన్ గో, రైట్? అంది. ఉదయ్ పేపర్ వెనకనుంచి, ఉహూ, ఇది మాకు ముఖ్యం, అన్నాడు. జోకే. నేనూ నవ్వాను. రేణు ఒక్కతే నవ్వలేదు.

1983 ఆగస్ట్ 9

నాలుగో చాప్టర్ అడ్వైజర్‌కి నచ్చింది. యూనియన్‌కి సిగ్గు లేదు, దేశాలకి తమ ప్రజల ముందు మాత్రమే సిగ్గు, ఆ రెండింటి మధ్య ఉన్న గదిలో ఎవరైనా ఏమైనా చెయ్యగలరు, అన్న వాక్యం కింద గీత గీశాడు. ఈ ఇన్‌సైట్ ఎక్కడ దొరికిందని అడిగాడు.

లైబ్రరీలో అన్నాను.

1983 సెప్టెంబర్ 11, ఆదివారం

మధ్యాహ్నం ఇండియన్ స్టోర్‌లో రాధారాణి కనబడింది. కందిపప్పు దగ్గర. నేను తల తిప్పుకుని పక్క వరుసలోకి వెళ్ళాను. రేణు తిప్పుకోలేదు. తిరిగొచ్చి చూస్తే ఇద్దరూ నేలమీద గొంతుక్కూర్చుని మాట్లాడుకుంటున్నారు. రేణు తెలుగులో మాట్లాడుతోంది. తప్పులతో, ఆపకుండా. ఇంట్లో నాతో ఏడాదిగా ఇంగ్లీషే.

నన్ను చూసి రాధారాణి లేచి నుంచుంది. బావున్నారా అంది. బావున్నానండీ అన్నాను. కారులో రేణు అడిగింది, ఆంటీ బ్యాడ్ పనేమైనా చేసిందా మమ్మీ అని. లేదన్నాను. మరి ఎవరు చేశారు అని అడిగింది. రెడ్ లైట్ పడింది. ఆపాను.

1983 సెప్టెంబర్ 18, ఆదివారం, మ్యాడిసన్ హైట్స్, కారులో

ఉదయ్‌ని అడగలేదు. ఎవరినీ అడగలేదు. రేణుని తీసుకొచ్చాను.

రాధారాణి తలుపు తీసింది. మీకో మాట చెప్పాలండీ అన్నాను.

తెలుసండీ అంది. కొలంబస్‌లో ఓటు ఆగిన సాయంత్రమే శ్యామ్‌సుందర్ గారు ఫోన్ చేసి చెప్పారు అంది.

అంటే, బస్సులు మారి మా ఇంటికి వచ్చిన రోజుకి తెలుసు. తెలిసే వచ్చింది. తెలిసే అడిగింది.

రేణు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. క్లాసు అయ్యాక వచ్చి తీసుకెళ్ళండి అంది. తలుపు వేసింది, మెల్లగానే.